భయపడి అడిగిన సెలవు

మా బాయికి ఏడాదిలో ఒక సెలవు ఎక్కువ. చుట్టుపక్కల ఏ బాయికీ లేని సెలవు. వానాకాలం నడిమధ్యలో, పండుగా పబ్బమూ లేని ఒక మామూలు రోజున మా వాళ్లు పనికి పోరు. పన్నెండేళ్ల కింద ఆ రోజునే లోపల బండ పడి ఆరుగురు పోయారు. వాళ్ల యాదిలో ఇచ్చిన సెలవు అది. అడిగి తెచ్చినవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఇప్పటికీ బజారులో ఎవరో ఒకరు నన్ను ఆపి, "మంచి పని చేసినవమ్మా, పోయినోళ్లను మరువనియ్యలే" అంటారు. నేను తల ఊపి, కూరగాయల సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటాను.

నిజం చెప్తే వాళ్ల ముఖాలు ఎట్లా మారతాయో నాకు తెలుసు. ఆ సెలవు నేను పోయినవాళ్ల కోసం అడగలేదు. ఉన్న ఒక్కగానొక్క కొడుకు కోసం అడిగాను. ఆ తారీకున వాడు బాయిలోకి దిగకూడదు. నాకు కావలసింది అదొక్కటే.

బాయి అంటే బొగ్గుగని. శ్రీరాంపూర్ దిక్కు మేము గని అనం, నోరు తిరగదు. నీళ్ల బాయి లాగే అదీ భూమిలోకి తవ్విందే కదా. కాకపోతే నీళ్ల బాయిలోకి చేద దిగుతుంది, దీంట్లోకి మనుషులు దిగుతారు.

ఆ రోజు నేను ఇంట్లో మిషను మీద ఎవరిదో జాకెట్టుకు చేతులు కుడుతున్నాను. పదిన్నరకు సైరన్ మోగింది. కాలనీలో మాకు సైరనే గడియారం. షిఫ్టు మారేటప్పుడల్లా మోగుతుంది. దాన్ని బట్టే పొయ్యి వెలిగిస్తాం, పిల్లల్ని నిద్ర లేపుతాం. కానీ టైము కాని టైములో మోగితే దానికి ఒకటే అర్థం. చేతిలో ఏముందో చూసుకోకుండా ఉరకాలి. నేనూ ఉరికాను. మెడలో కొలతల టేపు అట్లాగే వేలాడుతోందని బాయి గేటు దగ్గర ఎవరో చెప్తే గానీ తెలియలేదు.

బాయిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీకి పెట్టుకునే దీపం ఒకటి ఉంటుంది, దానికో నంబరు ఉంటుంది. దిగేముందు ల్యాంపు రూములో తన గూట్లోంచి తీసుకుంటాడు, పైకి వచ్చాక అదే గూట్లో పెట్టి ఇంటికి పోతాడు. గూడు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. ఆ రోజు పొద్దుగూకేదాకా ఆరు గూళ్లు ఖాళీగా ఉన్నాయి. అందులో ఒకటి మా ఆయనది. మూడో వరుసలో కుడి నుంచి రెండోది. దాన్ని చూసి చూసి, అందులో దుమ్ము ఏ మూలన ఉందో కూడా నాకు నోటికి వచ్చింది.

రెండేళ్లకు తండ్రి ఉద్యోగం కొడుక్కి వచ్చింది. చుట్టాలంతా అదృష్టమన్నారు, మిఠాయి పంచమన్నారు. పంచాను. పంచుతూ పంచుతూ ఒకే ఇంటికి రెండుసార్లు పోయాను, సంతోషం పట్టలేక అనుకున్నారు. మా చర్చిలో నిలబడి దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమన్నారు. నిలబడి, సాక్ష్యం బదులు ఒక పాట పాడి కూర్చున్నాను. వాణ్ణి కింద పంపుల దగ్గర వేశారు. బాయిలో ఎప్పుడూ నీళ్లు ఊరుతుంటాయి, పంపులు రాత్రీ పగలూ తోడి పైకి పోస్తుంటాయి. బొగ్గు తవ్వే పని కాదు కదా, భయం లేదులే అన్నారు అందరూ. తవ్వేవాడి మీద పడే బండ పంపు దగ్గర కూర్చున్నవాణ్ణి చూసి పక్కకు తప్పుకుంటుందా?

నాకు భయం ఎక్కువ. దాచుకోను. వాడు షిఫ్టుకు పోయిన ఎనిమిది గంటలూ నా చెవులు బాయి వైపే ఉంటాయి. కుక్కర్ కూత వేసినా వాకిట్లోకి ఉరికి చూస్తాను. అయినా మామూలు రోజులు ఎట్లాగో గడిచిపోయేవి. ఆ తారీకు దగ్గరికి వస్తుంటే మాత్రం నిద్ర పట్టేది కాదు. వారం ముందు నుంచే అన్నం సయించేది కాదు.

మొదటి ఏడాది కడుపునొప్పి అని మంచం మీద దొర్లాను. వాడు నిజమేననుకుని సెలవు పెట్టి, నన్ను ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు నా కడుపు నొక్కి నొక్కి చూశాడు, ఏమీ దొరకలేదు. రెండో ఏడాది, తండ్రి పేరున చర్చిలో ప్రార్థన పెట్టించానని చెప్పాను. పెట్టించలేదు. పొద్దున్నే పాస్టరయ్య ఇంటికి ఉరికి అప్పటికప్పుడు ఒప్పించాల్సి వచ్చింది. మూడో ఏడాదికి అబద్ధాలు అయిపోయాయి. వాడి బూట్లు తీసుకుపోయి బియ్యం డబ్బా వెనక దాచిపెట్టాను. వాడు దోస్తు బూట్లు వేసుకుని పోయాడు. పోయేముందు గడపలో నిలబడి నవ్వాడు.

"బండకు తారీకు ఎర్కనా అవ్వా? క్యాలెండర్ చూసుకోని పడ్తదా?"

"దానికి ఎర్క లేకుంటే లేకపాయె. నాకు ఎర్క గదరా" అన్నాను.

ఆ రోజు పగలు మూడు గంటలకు షిఫ్టు దిగేదాకా బాయి గేటు ముందు గోడకు ఆనుకుని కూర్చున్నాను. వానలో తడిసి జ్వరం వచ్చింది. ఇక ఏటా ఇట్లా నా వల్ల కాదని ఆ జ్వరంలోనే అనుకున్నాను. వాణ్ణొక్కణ్ణే ఆపాలంటే అబద్ధాలు కావాలి. బాయినే ఆపితే ఏ అబద్ధమూ అక్కర్లేదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మిగతా ఐదుగురి ఇళ్లకూ పోయాను. ఐదుగురు ఆడవాళ్లూ ఒక్క మాట మీద వచ్చారు. వాళ్లు మనసారా తమ వాళ్ల పేరు నిలవాలని వచ్చారు, ఆ మాట నేను ఒప్పుకోవాలి. కార్మిక సంఘం పెద్దమనిషి ఒకాయన కాగితం రాసిపెట్టాడు. దాన్ని పట్టుకుని రెండేళ్లు తిరిగాం. ఒక ఆఫీసులో కూర్చోబెట్టేవాళ్లు, ఇంకో ఆఫీసులో కూర్చొమ్మని కూడా అనేవాళ్లు కాదు. చివరికి ఒక పెద్ద సారు లోపలికి పిలిచాడు.

"అమ్మా, మీ బాధ నాకు అర్థమైంది. కానీ ప్రతి ప్రమాదానికీ ఒక సెలవంటే ఇక ఏడాదంతా సెలవులే అవుతాయి" అన్నాడు.

ఆ మాట ఆయన చెవికి ఆయనకే వినబడినట్టుంది. ఆగిపోయి, టేబుల్ మీద కాగితాలు అటూ ఇటూ సర్దాడు. అప్పుడు నేను నోరు తెరిచాను.

"ఆరుగురు దినాం దిగిన తొవ్వ సారు అది. ఏడాదికి ఒక్క దినం గా తొవ్వ మీద ఎవరి కాలు పడకుంటే చాలు. గంతకన్న మేం ఏమడుగుతలేం."

నా పక్కనున్న ఐదుగురూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నా కళ్లలోనూ నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లు మాత్రం మా ఆయన కోసం కావు. ఆ సారు కాదంటే వచ్చే ఏడు బూట్లు ఎక్కడ దాచాలా అని వచ్చిన ఏడుపు అది. ఆరునెలలకు సెలవు ఇస్తున్నట్టు కాగితం వచ్చింది. నేను మోకాళ్ల మీద పడి యేసయ్యకు దండం పెట్టుకున్నాను. అన్నేళ్లలో మొదటిసారి ఆ రాత్రి కడుపు నిండా తిన్నాను.

మొదటి సెలవు రోజు ఎట్లా జరపాలని సంఘం ఆఫీసులో మీటింగు పెట్టారు. బాయి గేటుకు అరమైలు దూరంలో స్తూపం కట్టారు, దాని మీద ఆరు పేర్లు చెక్కించారు. పువ్వులు పెట్టాలి, నాలుగు మాటలు మాట్లాడాలి, అన్నదానం చేయాలి. ఇంతలో ఆ పెద్దమనిషే, "సరిగ్గ పదిన్నరకు రెండు నిమిషాలు సైరన్ మోగిద్దాం. ఎక్కడోళ్లు అక్కడ నిలబడ్తరు" అన్నాడు. బాగుంది బాగుంది అన్నారందరూ. మేం ఆరుగురం ఆడవాళ్లం అక్కడే కుర్చీల్లో ఉన్నాం. సైరన్ విని ఉరికిన రోజునే మొగుళ్లను పోగొట్టుకున్నవాళ్లం. ఒక్కరికీ తట్టలేదు. మేమూ తలలు ఊపాం.

సెలవు ఇంకా నాలుగు రోజులుందనగా కొడుకు మాటల్లో అన్నాడు, బోర్డు మీద ఎమర్జెన్సీ డ్యూటీల లిస్టు పెట్టారని. సెలవు రోజున బొగ్గు తీయకపోయినా పంపులు ఆపకూడదట. ఆపితే బాయి నీళ్లతో నిండిపోతుంది. అందుకని ఐదారుగురు దిగాల్సిందే. ఆ లిస్టులో వీడి పేరు ఉంది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటే ఇదే. రెండేళ్లు చెప్పులరిగేట్టు తిరిగి తెచ్చిన సెలవు ఊరందరికీ వచ్చింది, నా ఇంటికి మాత్రం రాలేదు. పైగా బాయంతా ఖాళీగా ఉంటుంది. ఏమన్నా అయితే చెయ్యి పట్టి లాగడానికి పక్కన మనిషి కూడా ఉండడు. తెల్లారి వాడు నిద్ర లేవకముందే, డ్యూటీలు వేసే సారు దగ్గరికి పోయాను.

"సారు, గా దినం నా కొడుకు నా పక్కకు ఉండాలె. తండ్రికి పువ్వులు పెట్టాలె గద" అన్నాను.

"అయ్యో, చూసుకోలేదమ్మా" అన్నాడు ఆయన. పెన్ను తీసి ఒక పేరు కొట్టేశాడు, పైన ఇంకో పేరు రాశాడు. ఇంత సులువా అనుకున్నాను. ఎవరి పేరు రాశాడో చూడలేదు. చూడొద్దనే చూడలేదు.

సాయంత్రం మా వెనక క్వార్టరు పిల్ల చంటిదాన్ని ఎత్తుకుని వచ్చింది. ఖానాపూర్ నుంచి కాపురానికి వచ్చి రెండేళ్లు. పుట్టింటివాళ్లకు పసుపు చేన్లు. బాయి సంగతులు ఆ పిల్లకేమీ తెలియవు, అన్నీ నేనే నేర్పాను. సైరన్ సంగతీ నేనే చెప్పాను. "షిఫ్టు టైముకు మోగితే ఫికర్ లేదు. టైము గాని టైముల మోగిందంటే మాత్రం పొయ్యి మీద పాలున్నా ఇడిసిపెట్టి బాయి కాడికి ఉరుకు" అన్నాను. ఆ పిల్ల నన్ను నోరార అత్తమ్మా అంటుంది.

"జర చూడుండ్రి అత్తమ్మా, సెలవు దినం ఈయనకు పంపు డ్యూటీ పడ్డది. అందరికీ సెలవుంటే ఈయనకే ఎందుకు పడ్డదంటరు?" అంది.

నేను చంటిదాన్ని చేతుల్లోకి తీసుకుని బుగ్గ పట్టుకున్నాను. "ఎవరో ఒకరు పోవాలె గద బిడ్డా" అన్నాను. అంత ధైర్యంగా ఎట్లా అన్నానో నాకే తెలియదు. మన పిల్లలు కానప్పుడు ధైర్యం ఎక్కడి నుంచైనా వస్తుంది.

సెలవు రోజు స్తూపం దగ్గర షామియానా వేశారు. మమ్మల్ని ముందు వరుసలో కూర్చోబెట్టారు. కొడుకు తెల్లచొక్కా వేసుకుని నా కుడిపక్కన కూర్చున్నాడు. వాడి మోచెయ్యి నా చేతికి తగులుతోంది. సన్నగా వాన పడుతోంది. పదిన్నరకు సైరన్ మోగుతుంది, లేచి నిలబడాలని మైకులో రెండుసార్లు చెప్పారు. అందరికీ తెలుసు, నాకూ తెలుసు. నాకు కావలసినదంతా నా పక్కనే ఉంది.

సైరన్ మోగింది. నేను లేచి నిలబడలేదు, పరుగు తీశాను. రెండు కుర్చీలు తన్నుకుని నాలుగడుగులు వేశాక కొడుకు భుజం పట్టుకుని ఆపాడు. "అవ్వా, నేను ఈడనే ఉన్న! ఇగో, ఈడనే ఉన్న!" అని అరుస్తున్నాడు. చుట్టూ చూస్తే మా వరుసలో ఒక్కామె కూడా కుర్చీలో లేదు. ఒకామె చెప్పులు లేకుండా రోడ్డు దాకా పోయింది. ఒకామె నేల మీద కూలబడి చెవులు మూసుకుంది. మైకు దగ్గరున్న పెద్దమనిషి ఏం చేయాలో తోచక రెండు చేతులూ పైకెత్తి, కూర్చోండి కూర్చోండి అంటున్నాడు. సైరన్ మాత్రం ఆగలేదు. రెండు నిమిషాలు అంత పొడుగుంటాయని ఆ రోజే తెలిసింది.

అప్పుడు రోడ్డు మీద ఆ పిల్ల కనబడింది. చంటిదాన్ని చంకలో అదిమిపట్టుకుని బాయి గేటు వైపు ఉరుకుతోంది. తలంతా తడిసింది, ఒక కాలికే చెప్పు ఉంది. చంటిదానికి ఒంట్లో బాగాలేక ఇంట్లోనే ఉండిపోయిందట. ఈ సైరన్ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినదాన్ని నేనే. ఆ రెండు రోజులూ ఆ పిల్ల ముఖం చూడలేక వాకిలి తలుపు వేసుకుని కూర్చున్నాను.

పిలవాలనుకున్నాను. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. నా కొడుకే ఆమె వెంట ఉరికాడు. నేను వాడి వెనక పోయాను. గేటు దగ్గర ఆ పిల్ల వాచ్‌మెన్ చొక్కా పట్టుకుని, "మా ఆయన లోపట ఉన్నడు, మా ఆయన లోపట ఉన్నడు" అంటోంది. అది యాది కోసం మోగించిన సైరనని వాచ్‌మెన్ ఎంత చెప్పినా చెవికెక్కడం లేదు. వాణ్ణి ల్యాంపు రూముకు లాక్కుపోయి గూళ్లు చూసింది. సెలవు కదా, దీపాలన్నీ వరుసగా గూళ్లలో ఉన్నాయి. ఐదో ఆరో మాత్రం ఖాళీ. ఆ ఖాళీ గూడు ఎదుట ఆమె నిలబడిన తీరు చూశాను. పక్కనే ఉన్నా నేను ఆమె మీద చెయ్యి వేయలేకపోయాను. చంటిది గుక్కపట్టి ఏడుస్తుంటే కొడుకే ఎత్తుకున్నాడు.

మూడు గంటలకు ఆమె మొగుడు పైకి వచ్చాడు. ఏమీ కాలేదు. పంపు దగ్గర కూర్చుని అన్నం తిని వచ్చాడు, అంతే. పెళ్లాన్ని అక్కడ చూసి ఆశ్చర్యపోయాడు, సంగతి తెలిసి నవ్వాడు. తర్వాత నా కొడుకు వైపు తిరిగి మామూలుగానే అన్నాడు.

"లిస్టుల ముందు నీ పేరే ఉండె అన్నా. మీ అవ్వ పోయి అడిగిందట గద. మంచిదే అయింది, బాపుకు పువ్వులు పెట్టాలె గద నువ్వు."

ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది. ఆ పిల్ల నా వైపు చూసింది. బిడ్డను తీసుకుని మొగుడి వెనక పోయింది. ఆ తర్వాత నన్ను అత్తమ్మా అని పిలవడానికి ఆమెకు మూడు నెలలు పట్టింది.

కొడుకు ఇంటిదాకా నాకు నాలుగడుగుల ముందే నడిచాడు. వచ్చాక మంచినీళ్లు తాగి గ్లాసు బోర్లించాడు.

"నీకు భయమైతది, నాకెర్క. గా పిల్లకు కాదా?" అన్నాడు.

"నాకు నువ్వొక్కనివే రా."

"ఆమెకు ఎంతమంది ఉన్నరు?"

నేను ఆ బోర్లించిన గ్లాసు తీసి మళ్లీ కడిగాను. మర్నాడు వాడు ఆఫీసుకు పోయి రాసిచ్చి వచ్చాడు. ఇకనుంచి ఏటా ఆ సెలవు రోజున, పొద్దుటి షిఫ్టుకు, పంపు డ్యూటీ తనదేనని. కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. "సెలవు మనం అడిగినం, మన ఇంటి మనిషే దిగాలె" అన్నాడు. మొండితనంలో అచ్చం తండ్రే.

సైరన్ ఆ ఒక్క ఏడాదితోనే ఆపేశారు. ఇప్పుడు పదిన్నరకు మైకు కట్టేసి రెండు నిమిషాలు మౌనంగా నిలబడతారట. ఎట్లా ఉంటుందో నేను చూడలేదు. మిగతా రోజుల్లో వాడికి ఏ షిఫ్టు పడుతుందో, ఎప్పుడు సెలవు దొరుకుతుందో ఎవరికీ తెలియదు. ఏడాది మొత్తం మీద వాడు బాయిలో కచ్చితంగా ఉండే రోజు అదొక్కటే. నేను అడిగి తెచ్చిన రోజే.

ఆ రోజు స్తూపం దగ్గర నా కుర్చీ ఖాళీగా ఉంటుంది. పొద్దున వాడు దిగిన దగ్గర్నుంచీ నేను బాయి గేటు దగ్గరే ఉంటాను. లోపల డ్యూటీలో ఉన్నవాళ్ల ఇళ్ల నుంచి ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వస్తారు. ఒకరితో ఒకరం పెద్దగా మాట్లాడుకోం. గాలికి రేకు చప్పుడైతే నలుగురం ఒకేసారి లేస్తాం. మైకులో పేర్లు చదువుతుంటే దూరం నుంచి వినబడుతుంది. అందులో మా ఆయన పేరు ఎప్పుడు వచ్చి పోతుందో తెలియదు, నా చెవులు కింది నుంచి వచ్చే తొవ్వ మీద ఉంటాయి.

పోయిన ఏడు కూడా అట్లాగే అయింది. మూడు దాటాక వాడు పైకి వచ్చాడు, దీపం గూట్లో పెట్టాడు. ముఖం మీది మసి తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి అడిగాడు.

"బాపుకు పువ్వులు పెట్టి వచ్చినవా అవ్వా?"

"పెట్టిన బిడ్డా" అన్నాను.

పెట్టలేదు. పొద్దుటి నుంచి అప్పటిదాకా, వాళ్ల బాపు నాకు ఒక్కసారి కూడా యాదికి రాలేదు.